కంచులో ఒక సైనికుడు: యుద్ధ స్మారక విగ్రహం తయారీలో నా అనుభవం

యుద్ధంలో మరణించిన సైనికుల జ్ఞాపకార్థం కంచు విగ్రహం చేసిపెట్టమని స్మారక సంఘం వారు నన్ను అడిగినప్పుడు, వారి మనసులో ఒక రూపం అప్పటికే ఉంది. ఒక చేత జెండా, మరో చేత పైకెత్తిన తుపాకి, ముందుకు దూకుతున్న అడుగు. సంఘంలో మృతుల కుటుంబ సభ్యులతో పాటు వారితో కలిసి పనిచేసి పదవీ విరమణ పొందిన సైనికులు కూడా ఉన్నారు. ఆ దూకుడు రూపం మీద పట్టుపట్టిన వారిలో యుద్ధరంగం చూసినవారు ఎవరూ లేరు. చూసి వచ్చినవారు చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, తమతో బయలుదేరి తమతో తిరిగిరాని వారి లోటు అందులో కనిపిస్తే చాలునని చివరకు చెప్పారు. ఆ మాటే నాకు ఆధారమైంది. బోలుగా ఉండే కంచులో ఒక మనిషి మోస్తున్న బరువును ఎలా చూపించాలన్నదే అక్కడి నుంచి నా పని.

ఈ దారిలో నాకంటే ముందు నడిచినవారు ఉన్నారు. లండన్‌లోని హైడ్ పార్క్ కార్నర్‌లో 1925లో ఆవిష్కరించిన రాయల్ ఆర్టిలరీ (బ్రిటిష్ ఫిరంగి దళం) స్మారకాన్ని చేసిన చార్లెస్ సార్జెంట్ జాగర్, మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా పోరాడి గలిపోలీలో గాయపడిన శిల్పి. పైన రాతితో చెక్కిన భారీ హోవిట్జర్ ఫిరంగి, కింద నాలుగు వైపులా నాలుగు కంచు విగ్రహాలు ఉండే ఆ కట్టడంలో ఒక విగ్రహం మృతవీరుడిది. శరీరం మీద గ్రేట్‌కోటు, అంటే సైనికుల పొడవాటి మందపు కోటు కప్పి ఉంటుంది, ముఖం కనిపించదు. చనిపోయిన మనిషిని అంత సూటిగా చూపడం మీద అప్పట్లో అభ్యంతరాలు వచ్చినా జాగర్ దాన్ని వదులుకోలేదు. యుద్ధంలో మరణించిన 49,076 మంది ఆర్టిలరీ సైనికుల స్మారకం అది. వియత్నాం యుద్ధకాలంలో పనిచేసిన అమెరికన్ మహిళల కోసం వాషింగ్టన్‌లో 1993లో నెలకొల్పిన స్మారకంలో గ్లెనా గుడేకర్ మలచిన స్త్రీలలో ఒకామె మోకాళ్ల మీద కూర్చుని ఖాళీ హెల్మెట్ వంక చూస్తూ ఉంటుంది. నేను చేసిన విగ్రహం ఈ రెండింటికీ రుణపడి ఉందని చెప్పడంలో నాకు సంకోచం లేదు.

నేను ప్రతిపాదించిన రూపం ఇది. తన హెల్మెట్ తలమీద, తన తుపాకి భుజాన ఉన్న ఒక సైనికుడు నిలబడి ఉంటాడు. అతని చేతిలో మరొక హెల్మెట్ ఉంటుంది. తలమీద ఒకటి ఉంది కాబట్టి చేతిలోనిది వేరొకరిదని చూసినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆలోచన సులువుగానే వచ్చింది కాని, ఆ చేయి కుదరడానికి మాత్రం మిగతా విగ్రహమంతటికీ పట్టినంత ఆలోచన పట్టింది. హెల్మెట్ బోలు భాగాన్ని పైకి పెట్టి రెండు చేతులా పట్టిస్తే అది భిక్షాపాత్రలా కనిపిస్తుంది, పైగా ఆరుబయట అందులో వాన నీరు నిలుస్తుంది. కిందికి వేలాడదీస్తే రెండు చిక్కులూ తీరతాయి. అందుకని చిన్న నమూనాలో అంచును వేళ్లతో పట్టుకుని వేలాడదీసినట్టు చేసి సంఘం ముందు పెట్టాను. ఒక మాజీ సైనికుడు దాని చుట్టూ తిరిగి చూసి, “తన హెల్మెట్ అయితే అలాగే పట్టుకుంటాడండి. ఇది తనది కాదు కదా” అన్నారు. అని, తన చేతిసంచిని పక్కటెముకలకు ఆనించి, అరచేయి మొత్తం దాని మీద పరిచి చూపించారు. మోచేయి శరీరానికి దగ్గరగా వచ్చింది, ఆ వైపు భుజం కొద్దిగా కిందికి దిగింది. అప్పటిదాకా నేను వెతుకుతున్న బరువు ఆ భుజంలో ఉంది. అక్కడే కాగితం మీద గీసుకున్నాను. బోలు భాగం శరీరం వైపు తిరిగింది కాబట్టి నీటి సమస్య కూడా దానితోనే తీరిపోయింది.

ఆరుబయట నిలువెత్తు విగ్రహం పెడితే అది మనిషికంటే చిన్నదిగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఆకాశం, ఖాళీ స్థలం దాన్ని తగ్గించేస్తాయి. అందుచేత స్మారక విగ్రహాలను సాధారణంగా అసలు కొలతకు ఒకటింపావు వంతు గాని, అంతకంటే ఎక్కువ గాని చేస్తారు. మాది సుమారు 2.2 మీటర్లు. దీనికి తోడు, కరిగిన కంచు గడ్డకట్టి చల్లారేటప్పుడు పొడవులో దాదాపు 2 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి మట్టి విగ్రహాన్ని నాలుగైదు సెంటీమీటర్లు పెద్దదిగా కట్టుకోవాలి. పీఠంలో బిగించవలసిన కాళ్ల మధ్య దూరం వంటి కొలతలలో ఈ లెక్క మరీ ముఖ్యం.

ఇనుప గొట్టాలతో అస్థిపంజరం వెల్డింగ్ చేసి, దాని మీద ఫోమ్ దిమ్మెలు అతికించి, శరీరాకారానికి కోసి, పైన కొన్ని సెంటీమీటర్ల మందాన నూనె కలిపిన మట్టి పట్టించాం. ఈ మట్టి ఆరదు, పగలదు. నెలల తరబడి సవరించుకోవచ్చు. ముందు దుస్తులు లేని శరీరాన్ని కట్టి, బరువు ఏ కాలి మీద ఉందో, తుంటి ఎటు ఒరిగిందో తేలిన తరువాతనే యూనిఫాం తొడిగాను. అసలు యూనిఫాం, బెల్టు, వీపు సంచి, బూట్లు తెప్పించి, ఒక మనిషికి వేయించి, సంచిలో నిజమైన బరువు నింపి నిలబెట్టి చూశాను. బరువు లేని సంచికి పట్టీలు భుజం మీద తేలినట్టుంటాయి. బరువు పడితే చొక్కా గుడ్డ పట్టీ కింద నలిగి, మెడ వైపు ముడతలు లాగుకుపోతాయి. విగ్రహాన్ని వెనుక నుంచి చూసేవారు తక్కువే అయినా ఆ వీపు మీద నేను ముఖం మీద పెట్టినంత శ్రద్ధ పెట్టాను. అలసట మనిషి ముఖంలో కంటే వీపులోనే ముందు తెలుస్తుందని నా నమ్మకం.

ముఖం ఎవరి పోలికలతోనూ ఉండకూడదని మొదటే అనుకున్నాం. చనిపోయినవారిలో ఒకరి ముఖం పెడితే మిగతా కుటుంబాలకు ఆ విగ్రహం పరాయిదవుతుంది. అయినా మట్టి దశలో చూడవచ్చిన ఒక తల్లి చాలాసేపు ముఖం వంకే చూసి, “మా అబ్బాయి కాదు గాని, వాడితో ఉన్నవాడిలా ఉన్నాడు బాబూ” అన్నారు. ఆ తరువాత ముఖాన్ని నేను ముట్టుకోలేదు.

అచ్చు తీయడం ఓపికతో కూడిన పని, వివరంగా చెప్పడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. మట్టి మీద సిలికాన్ రబ్బరు పొరలు పొరలుగా పూసి, అది వంగిపోకుండా పైన ఫైబర్‌గ్లాస్ పెంకు కట్టి, ముక్కలుగా విడదీస్తాం. తల, మొండెం, చేతులు, కాళ్లు, సంచి, తుపాకి దేనికది వేరు. నేను పట్టుబట్టినది ఒక్కటే, హెల్మెట్టూ దాన్ని పట్టుకున్న చేయీ ఒకే ముక్కగా పోత పోయాలని. విడిగా పోసి అతికితే వేళ్లు ఆనిన చోటే వెల్డింగ్ గీత వస్తుంది.

మైనపు రూపం చుట్టూ పెంకు కట్టి, మైనాన్ని కరిగించి తీసి, ఆ ఖాళీలో కంచు పోసే పద్ధతిని మనవాళ్లు మధూచ్ఛిష్ట విధానమన్నారు. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ మైనానిదే. రబ్బరు అచ్చు లోపల వేడి మైనాన్ని ముందు కుంచెతో పూసి, తరువాత పోసి, అటూ ఇటూ తిప్పి, మిగిలింది ఒంపేస్తే సుమారు 5 మిల్లీమీటర్ల మందంతో బోలు మైనపు ముక్క తయారవుతుంది. ఆ మైనం ఎంత మందమో రేపు కంచూ అంతే మందం. ఈ దశలో శిల్పి మళ్లీ పనిలోకి దిగాలి. అచ్చు అతుకుల గీతలు గీకి తీసేయాలి, గాలి బుడగలు పడిన గుంతలు పూడ్చాలి, మట్టిలో పదునుగా ఉండి ఇక్కడ మొద్దుబారిన అంచులను వేడి పనిముట్టుతో మళ్లీ తేల్చాలి. కంచులో ఒక పూట పట్టే సవరణ మైనంలో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

హెల్మెట్ మీది చేయిని నేను మైనంలో ఎక్కువసేపు చూసింది వేళ్ల మధ్య సందుల కోసం. వేలికీ హెల్మెట్‌కూ నడుమ సన్నని సందు ఉంటే, ఆ తరువాత ముంచబోయే పింగాణీ ద్రావణం అందులోకి సరిగా వెళ్లదు. వెళ్లినా అక్కడ ఏర్పడే పెంకు పలచగా ఉండి, పోత సమయంలో విరిగి, కంచు అందులోకి చొరబడుతుంది. అందువల్ల ప్రతి వేలి దగ్గరా ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. సందు ఉంచాలంటే సన్నని కుంచె దూరేటంత తెరవాలి, లేకుంటే పూర్తిగా కలిపేయాలి. చూపుడు వేలి కొన మాత్రం హెల్మెట్‌ను తాకకుండా కొంచెం పైకి లేచి ఉండేటట్టు తెరిచాను. మిగతా మూడు వేళ్లనూ, బొటనవేలినీ హెల్మెట్‌తో కలిపేశాను. గట్టిగా పట్టుకున్న చేతిలో కూడా ఒక వేలు అలా విడిగా ఉండటం చూస్తే, ఆ మనిషి పట్టు గురించి కాక మరి దేని గురించో ఆలోచిస్తున్నాడని తెలుస్తుంది.

మైనపు ముక్కలకు మైనపు కడ్డీలు అతికిస్తారు. కొన్ని కంచు ప్రవహించే కాలువలు, కొన్ని లోపలి గాలి బయటికి పోయే దారులు. ఆపైన, ముందు చెప్పిన పింగాణీ ద్రావణంలో, అంటే సిలికా ద్రావణంలో ముంచి, సన్నని ఇసుక వంటి పొడి చల్లి, ఆరబెట్టి, మళ్లీ ముంచి, అలా సుమారు ఎనిమిది పొరల పెంకు కడతారు. మొదటి పొరలు మెత్తని పొడితో వేస్తారు కాబట్టి వేలిముద్ర కూడా పోదు. తరువాతివి బలం కోసం ముతకగా వేస్తారు. లోపలి మైనం కరిగి బయటికి పోవడానికి ఆరిన పెంకును ఒక్కసారిగా తీవ్రమైన వేడిలోకి నెడతారు. నెమ్మదిగా వేడిచేస్తే మైనం కరగకముందే వ్యాకోచించి పెంకును పగలగొడుతుంది. ఒక్కసారిగా తగిలిన వేడికి పైపొర ముందు కరిగి, వ్యాకోచానికి చోటిస్తుంది.

పోత రోజుకు ముందు ఒక విషయం తలెత్తింది. కొన్ని కుటుంబాల వారు తమవారి యూనిఫాం గుండీలు, పతకాల ముక్కలు, ఒకరు ఖాళీ తూటా గొట్టం తెచ్చి, కరిగే కంచులో వేయమని కోరారు. ఆ కోరికను కాదనడం ఎవరికైనా కష్టమే. అయినా పోత పోసే కర్మాగారం, అంటే ఫౌండ్రీ పెద్ద మేస్త్రీ ఒప్పుకోలేదు, ఆయన చెప్పిందే సరైనది. తూటా గొట్టం ఇత్తడి, అందులో జింక్ ఉంటుంది. జింక్ 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి తెల్లని విషపు పొగగా లేస్తుంది. మా కంచు పోసేది 1,100 డిగ్రీల పైమాటే. పైగా మేము వాడినది సుమారు 95 శాతం రాగి, 4 శాతం సిలికాన్, 1 శాతం మాంగనీసు ఉన్న సిలికాన్ కంచు. ఏమి కలిసిందో తెలియని లోహపు ముక్కలు అందులో పడితే పోత దెబ్బతింటుంది. చివరకు ఆ వస్తువులన్నిటినీ గాలి చొరని స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టెలో ఉంచి, సైనికుడి వీపు సంచి లోపల, అది మూయకముందు బిగించాం. సంచిని అంత బరువుగా చేసిన తరువాత దానికి అంతకంటే తగిన వస్తువులు మరేవీ ఉండవని నాకు అనిపించింది. వాటిని తెచ్చినవారు కూడా దానికి సంతోషంగా ఒప్పుకున్నారు.

పోత జరిగేది చాలా కొద్దిసేపే. కొలిమిలో ఎర్రగా కాలిన పెంకులను బయటికి తీసి ఇసుకలో నిలబెడతారు. ఇద్దరు మనుషులు మూసను పొడవాటి పట్టుతో ఎత్తుకొస్తారు, మరొకరు పైన తేలిన చిట్టెం పక్కకు లాగుతారు. మైనం ఖాళీ చేసి వెళ్లిన జాగాలోకి కంచు పడుతుంది. ధార మధ్యలో ఆగకూడదు. ఆగితే, చల్లబడిన మొదటి కంచుకూ తరువాత వచ్చిన కంచుకూ మధ్య అతకని గీత మిగులుతుంది. గాలి దారుల చివర నుంచి కంచు తొంగిచూస్తే అచ్చు నిండినట్టు. ఆ రోజు వచ్చిన మాజీ సైనికులు చివరి పెంకు నిండేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నాకూ మాట్లాడాలనిపించలేదు.

చల్లారిన పెంకును సుత్తితో కొట్టి, ఇసుక జల్లుతో శుభ్రం చేస్తే బయటపడేది అందమైన వస్తువేమీ కాదు. కాలువల మొండేలు, అక్కడక్కడ చిన్న రంధ్రాలు, మచ్చలు ఉంటాయి. ముక్కలను కలిపి వెల్డింగ్ చేసేటప్పుడు అదే మిశ్రమలోహపు కడ్డీ వాడాలి. వేరేది వాడితే రంగు ఎక్కించినప్పుడు ఆ గీత వేరే రంగు తిరిగి, మెడ మీదో మోకాలి మీదో తాడు కట్టినట్టు కనబడుతుంది. లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ చట్రం కాళ్ల గుండా పైకి వెళ్తుంది. అతుకును ఆకురాయితో, గ్రైండర్‌తో చదును చేశాక, అక్కడ పోయిన గుడ్డ నేతను చిన్న ఉలులతో మళ్లీ కొట్టి తేవాలి. ఈ పని చేసిన యువకుడికి ఆ పనితనం అపారంగా ఉంది. “రాసేకొద్దీ నున్నగా వస్తుంది సార్, ఎక్కడ ఆపాలో మీరే చెప్పండి” అన్నాడు. చెక్కిలి మీద, చేతి వెనుక భాగంలో మట్టినాటి నా వేలిగుర్తులు ఇంకా ఉన్నాయి. వాటిని అలాగే వదిలేయమన్నాను. నున్నటి సైనికుడి విగ్రహం ఎంత గొప్ప పనితనంతో చేసినా చివరకు బొమ్మగానే మిగులుతుంది.

పేర్ల పలకలు విడిగా ఇసుక అచ్చులో పోసినవి. వాటి మీద చర్చ విగ్రహం మీద కంటే ఎక్కువ జరిగింది, జరగవలసిందే. బ్రిటిష్ సామ్రాజ్య యుద్ధ మృతుల సమాధులను చూసుకోవడానికి 1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ మృతులను హోదాను బట్టి వేరు చేయకూడదన్న నియమం పెట్టుకుంది; మేమూ అదే పాటించి అందరినీ అక్షరక్రమంలో, ఒకే పరిమాణంలో రాశాం. మొదట పేర్లు మాత్రమే అనుకున్నాం. కాని ఇద్దరికి ఒకే పేరు ఉన్నట్టు తేలింది. ఆ ఇద్దరికే సర్వీసు నంబరు చేర్చితే వారు ప్రత్యేకంగా కనబడతారు కాబట్టి అందరికీ చేర్చాం. ప్రతి కుటుంబానికీ తమవారి పేరు ఉన్న ప్రూఫ్ ఇచ్చి, చదివి సంతకం చేయించుకున్న తరువాతనే అచ్చుకు పంపాం. కంచులో పడిన తప్పక్షరం దిద్దడానికి మొత్తం పలక మళ్లీ పోయవలసిందే. చివరి పలకలో కొంత చోటు ఖాళీగా ఉంచాం. రికార్డులు సరిచూసినప్పుడు తరువాత బయటపడే పేర్లు ఉంటాయి.

ఇక రంగు. సంఘంలో కొందరు విగ్రహం బంగారంలా మెరవాలన్నారు. మెరుగు పెట్టిన కంచు ఆరుబయట త్వరగా మసకబారుతుంది, దాన్ని ఆపడానికి లక్క పూత వేస్తే అది కొంతకాలానికి పొరలుగా ఊడి, మచ్చలు పడుతుంది. నేను ముదురు గోధుమ రంగు కోరుకున్నాను. కంచును గ్యాస్ మంటతో వేడిచేస్తూ, ముందు గంధకపు ద్రావణంతో నల్లబరిచి, ఎత్తుగా ఉన్న చోట్ల దాన్ని రుద్ది తీసి, తరువాత ఫెర్రిక్ నైట్రేట్‌ను పలచగా చల్లుకుంటూ వెళ్లాలి. చుక్క పడగానే సుయ్యిమని ఆవిరైపోతే వేడి సరిపోయినట్టు. జారి కిందికి పోతే చాలనట్టు. ముడతల లోతుల్లో నలుపు నిలిచి, భుజం మీద, మోకాలి మీద గోధుమ రంగు తేలినప్పుడు విగ్రహం మొదటిసారి బరువుగా కనబడింది. వేడి ఉండగానే మైనం పూసి మూసేశాం.

పీఠం ఎత్తు మీద నేను చివరిదాకా పట్టువిడవలేదు. ఎత్తైన పీఠం మీద పెడితే ఆ చేయి ఎవరికీ అందదు. 45 సెంటీమీటర్ల రాతి దిమ్మె చాలన్నాను, అంతే పెట్టారు. తుప్పు పట్టని 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులను రాతిలో రంధ్రాలు చేసి ఎపాక్సీతో బిగించాం. బూట్ల అడుగున, కనిపించని చోట నీరు కారే రంధ్రాలు ఉంచాం. లోపల చేరే తేమకు దారి లేకపోతే చలి ప్రదేశాల్లో అది గడ్డకట్టి కంచును సైతం చీల్చగలదు.

అప్పగించేటప్పుడు నిర్వహణ పత్రం ఒకటి రాసి ఇచ్చాను. ఏడాదికి ఒకసారి గాఢత లేని సబ్బునీటితో, మెత్తని బ్రష్‌తో కడగాలి. పూర్తిగా ఆరాక మైనం పూయాలి. లోహపు పాలిష్ గాని, పెయింట్ గాని తాకించకూడదు. అక్కడక్కడ చిలుము పచ్చగా కనిపిస్తే గీకకుండా ఫౌండ్రీకి కబురు చేయాలి. బూట్ల అడుగు రంధ్రాలు మూసుకుపోలేదని వానాకాలానికి ముందు తీగతో పొడిచి చూడాలి. జనం చేతులు తగిలి హెల్మెట్ మీద, దాన్ని పట్టుకున్న వేళ్ల మీద రంగు అరిగి కంచు బయటపడుతుంది. దాన్ని లోపంగా లెక్కించి మళ్లీ రంగు వేయించవద్దని ఆ పత్రంలో ప్రత్యేకంగా రాసి, సంఘం వారి చేత దాని కిందే సంతకం చేయించుకున్నాను.